వేలంలో ఈ-టైప్, 280 ఎస్ఎల్, సిత్రోయెన్ ఎస్ఎం: దేనికి పాడాలి, ఎక్కడ ఆగాలి?

మీ ప్రశ్న చదివాక టీ పెట్టుకుని కూర్చున్నాను. రెండు ముక్కల్లో తేలేది కాదిది. తరవాత చదివేవాళ్ళ కోసం మీరడిగింది ముందు చెబుతాను. మీరుండేది ఇంగ్లండ్‌లో. వచ్చే నెల వేలంలో మూడు బళ్ళు మీ కంట్లో పడ్డాయి. ఒకటి 1969 జాగ్వార్ ఈ-టైప్ సిరీస్ 2, అందులోనూ వెనక చిన్న సీటున్న 2+2. రిజర్వు, అంటే ఇంతకి తక్కువైతే అమ్మనన్న కనీస ధర, లేదు. అంచనా 40 నుంచి 50 వేల పౌండ్లు. రెండోది అమెరికా నుంచి తెచ్చిన 1970 మెర్సిడెస్ 280 ఎస్ఎల్, అంచనా 55 నుంచి 65 వేలు. మూడోది 1972 సిత్రోయెన్ ఎస్ఎం, 30 నుంచి 40 వేలు. మీ చేతిలో ఉన్నది అంతా కలిపి 80 వేలు. పిల్లలకి 6, 9 ఏళ్ళు. ఎండాకాలం శని ఆదివారాల్లో నలుగురూ తిరగాలి, ఎప్పటికైనా బండిని హైదరాబాదు పట్టుకెళ్ళాలి. దేనికి పాడాలి, ఎంతవరకు పాడాలి అని అడిగారు.

జవాబు ముందే చెప్పేస్తున్నాను. ఈ-టైప్ 2+2 అడుగుభాగం గట్టిగా ఉంటే దానికే పాడండి, 55 వేల దగ్గర చెయ్యి దించెయ్యండి. 280 ఎస్ఎల్ ఆ అంచనాకి వస్తోందంటే కిందకి దూరి చూడకుండా చెయ్యెత్తొద్దు. ఎస్ఎం అంటే నాకు ప్రాణం, అయినా మొదటి పాత బండిగా మీకు వద్దు.

నా సంగతి ఒక ముక్క. బెజవాడ ఆటోనగర్‌లో మా మామయ్య షెడ్డులో టింకరింగ్‌తో మొదలుపెట్టి, ఇక్కడ మిడ్‌లాండ్స్‌లో 20 ఏళ్ళకు పైగా పాత బళ్ళ బాడీ పనే చేస్తున్నాను. అందుకే ఇంజన్ల గురించి తక్కువ, తుప్పు గురించి ఎక్కువ మాట్లాడతాను. అది నా వృత్తి పక్షపాతం అనుకున్నా పరవాలేదు. ఇంజను విప్పి బిగించడానికి ఎంతవుతుందో ముందే కాగితం మీద రాసివ్వగలను. తుప్పు పట్టిన బాడీకి ఎంతవుతుందో రంగు గీకేదాకా బ్రహ్మ కూడా చెప్పలేడు.

ముందు డబ్బు లెక్క. వేలంలో పడే ప్రతి తప్పుకీ మొదలు అక్కడే.

కేటలాగ్‌లో వేసే అంచనా సుత్తి పడే ధర గురించి. మీరు కట్టేది అది కాదు. దాని మీద బయ్యర్స్ ప్రీమియం, అంటే కొన్నవాడి దగ్గర వేలం సంస్థ తీసుకునే రుసుము ఉంటుంది, ఒక్కో సంస్థది ఒక్కో రేటు. మీ వేలానికి 15 శాతం అనుకుందాం. ఆ ప్రీమియం మీద మళ్ళీ 20 శాతం వ్యాట్. అంటే 70 వేలకి సుత్తి పడితే ప్రీమియం 10,500, దాని వ్యాట్ 2,100, మొత్తం 82,600 అవుతుంది. 70 వేలకి వచ్చిందని ఇంట్లో ఫోన్ చేసి చెప్పిన మనిషి, బిల్లు చూశాక మళ్ళీ ఫోన్ చెయ్యడానికి జంకుతాడు. బండి విదేశాల నుంచి తాత్కాలికంగా తెచ్చిందైతే కేటలాగ్‌లో దాని లాట్ నంబరు (వేలంలో బండి వరస నంబరు) పక్కన ఒక గుర్తు వేస్తారు. అప్పుడు దిగుమతి వ్యాట్ కూడా మీదే. 30 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బళ్ళకి ఇక్కడ అది 5 శాతం. మీ మెర్సిడెస్ పక్కన ఆ గుర్తు ఉందో లేదో ఈ రాత్రే చూసుకోండి.

అందుకని లెక్క వెనక నుంచి చెయ్యాలి. 80 వేలలో 15 వేలు మొదటి ఏడాది ఖర్చుకి పక్కన పెట్టండి. టైర్లు, బ్రేకులు, గొట్టాలు, ఇన్సూరెన్సు, ఇంటిదాకా లారీ, ఎవరూ చెప్పని ఇంకో నాలుగు. మిగిలిన 65 వేలని 1.18తో భాగిస్తే 55 వేలు. మీ పాట అక్కడ ఆగాలి. దిగుమతి వ్యాట్ కూడా ఉంటే 1.23తో భాగించండి, 53 వేలకి కాస్త తక్కువ వస్తుంది. ఆ అంకె అరచేతిలో రాసుకుని వెళ్ళేవాళ్ళని చూశాను. తెలివైనవాళ్ళు వాళ్ళే.

2022 మేలో స్టుట్‌గార్ట్‌లోని మెర్సిడెస్ మ్యూజియంలో 300 ఎస్ఎల్ఆర్ ఉలెన్‌హౌట్ కూపే 135 మిలియన్ యూరోలకి పోయింది. రెండే చేశారు, అందులో ఒకటి. ఫెరారీ 250 జీటీవోలు 36 చేస్తే, ఒకటి 2018లో మాంటెరీలో 48 మిలియన్ డాలర్లు దాటింది. ఈ వార్తలు చదివి పాత బండి కొంటే బంగారం కొన్నట్టే అనుకుంటారు. ఈ-టైపులు 72 వేలకు పైగా చేశారు. మీరు కొంటున్నది నడుపుకునే వస్తువు. రేపు ధర పెరిగితే సంతోషం, పెరగకపోయినా ఏడవకూడదు. గత పదేళ్ళలో ఈ-టైపుల ధరలు ఎక్కడమే కాదు, దిగడం కూడా చూశాను.

ఇప్పుడు తుప్పు. నేను కాలిన కథతోనే మొదలుపెడతాను.

ఇక్కడికొచ్చిన కొత్తల్లో ఒక చిన్న ఊరి వేలంలో ఎంజీబీ జీటీ అనే పాత బ్రిటిష్ బండి కొన్నాను. పేరు మోసిన సంస్థ కాదు, పేరెందుకు. ముదురు ఆకుపచ్చ రంగు అద్దంలా మెరుస్తోంది. తలుపుల కింద సిల్స్ మీద స్టీలు రేకుల అలంకారం ఉంది. రోజంతా బళ్ళ బాడీలు బాగుచేసేవాణ్ణి నేను, ఆ రేకులు ఎందుకున్నాయో ఆలోచించలేదు! ఇంటికొచ్చి విప్పితే వాటి కింద ఇంకో సిల్ రేకు. దాన్ని కోస్తే కింద అసలు సిల్, కాదు, అసలు సిల్ ఉండాల్సిన చోట గోధుమరంగు పొడి. పాత తుప్పుని కొయ్యకుండా పైన కొత్త రేకు కప్పి, వెల్డింగు గీతల మీద లప్పం రాసి, రంగు కొట్టారు. ఎంజీబీలో సిల్ అంటే బయటి రేకొక్కటే కాదు. లోపల నిలువు రేకు ఒకటి, అడుగున ఇంకోటి, మూడూ కలిస్తేనే బండికి నడుము. నా బండికి నడుమే లేదు. జాకీ పెట్టి లేపితే తలుపు మూసుకోలేదు. పెట్టిన ధరకి రెండింతల పని నా చేత్తోనే చేసుకున్నాను. మామయ్యకి ఫోన్లో చెబితే, "రేకు మీద వేలితో కొట్టి చూళ్ళేదట్రా?" అన్నారు. అదొక్కటే అన్నారు.

వేలితో కొట్టి చూడటం ఇప్పటికీ పనిచేస్తుంది. లప్పం ఉన్నచోట చప్పుడు మొద్దుగా వస్తుంది. ఫ్రిజ్ మీద అంటించుకునే పలుచటి అయస్కాంతం ఒకటి మెత్తని గుడ్డలో చుట్టి తీసుకెళ్ళండి. బలమైనది తీసుకెళ్తే లప్పం మీద నుంచి కూడా పట్టేస్తుంది, ప్రయోజనం లేదు. చక్రాల పైనున్న వంపుల అంచులు, తలుపుల అడుగు అంచు, సిల్స్, డిక్కీలో స్పేర్ టైరు కింది గుంట, ఈ నాలుగు చోట్లా పెట్టి చూడండి.

ఈ-టైప్ దగ్గరికొద్దాం. మీరు అసలు పాడాల్సింది దీనికే, అందుకని ఎక్కువ రాస్తున్నాను.

1961 మార్చిలో జెనీవా షోలో దీన్ని చూపించినప్పటి నుంచి అందరి మనసూ మొదటి సిరీస్ మీదే ఉంటుంది. అద్దాల మూతలున్న హెడ్‌లైట్లు, ముందు చిన్న నోరు. 1964లో 4.2 లీటర్ల ఇంజను వచ్చింది, దాంతోపాటే మొదటి గేరుకి కూడా సింక్రో (గేరు గరగరలాడకుండా పడేలా చేసే అమరిక) ఉన్న గేర్‌బాక్సు వచ్చింది. నడపడానికి నిజంగా హాయినిచ్చే ఈ-టైప్ అక్కడ మొదలవుతుందని నా అభిప్రాయం. 1968లో సిరీస్ 2 వచ్చేసరికి అమెరికా నిబంధనల కోసం హెడ్‌లైట్ల మూతలు పోయాయి, నోరు పెద్దదైంది, వెనక లైట్లు బంపరు కిందకి దిగాయి. అందం తగ్గిందని ధర తగ్గింది. బ్రేకులు, ఇంజను చల్లదనం మాత్రం మెరుగు.

2+2 కథ 1966లో మొదలు. చక్రాల మధ్య దూరాన్ని 9 అంగుళాలు పెంచి, కప్పు లేపి, వెనక చిన్న సీటు పెట్టారు. పక్కనుంచి చూస్తే వీపు కాస్త గూనిగా కనిపిస్తుంది, దాచను. అందుకే రెండు సీట్ల మామూలు కూపే కన్నా, కప్పు మడిచే రోడ్‌స్టర్ కన్నా బాగా తక్కువకి పోతుంది. కానీ లోహం అదే, ఇంజను అదే, ముందు సీట్లో కూర్చున్నవాడికి ఆ పొడుగాటి బానెట్ కనిపించే తీరూ అదే. గూని చూసేది రోడ్డు మీదవాడు, మీరు కాదు. తరవాత 1971లో వీ12 పెట్టిన సిరీస్ 3కి జాగ్వార్ వాళ్ళే ఈ పొడుగు కొలతని అన్ని మోడళ్ళకీ తీసుకున్నారు. మీ పిల్లలకి ఆ వెనక సీటు ఇంకో నాలుగైదేళ్ళు సరిపోతుంది. అక్కడ బెల్టులు లేకపోతే పెట్టించండి. మూడేళ్ళ లోపు పిల్లల్ని బెల్టుల్లేని బండిలో ఎక్కించడానికి ఇక్కడి చట్టం ఒప్పుకోదు. మీవాళ్ళు ఆ వయసు దాటారు గానీ, చట్టం కోసం కాదు కదా బెల్టు.

ఈ-టైప్ కట్టుబడి తెలిస్తే ఎక్కడ చూడాలో మీకే అర్థమవుతుంది. మనుషులు కూర్చునే భాగం ఒక పెట్టెలాంటిది, రేకులతోనే దానికి బలం. దాని ముందు గోడకి సన్నని గొట్టాల చట్రం బోల్టులతో బిగించి, ఇంజనుని, ముందు సస్పెన్షన్‌ని అందులో కూర్చోబెట్టారు. ఆ గొట్టాలు లోపలి నుంచి తుప్పు పడతాయి, బయట రంగు చక్కగానే ఉంటుంది. వాటికి అతుకు వెల్డింగు వేస్తే ఊరుకోకూడదు, మార్చాల్సిందే. బానెట్ ఎత్తించి, టార్చి వేసి ప్రతి గొట్టం చివరా చూడండి. ఎక్కడైనా అతుకు కనిపిస్తే, రంగు కింద బుడగలా లేస్తే ఫోటో తీసుకోండి. బానెట్ దించాక తలుపు అంచుకీ దానికీ మధ్య సందు రెండు పక్కలా ఒకేలా ఉందా? అంత పెద్ద బానెట్ సరిగ్గా కూర్చోవాలంటే కింద చట్రం వంకర లేకుండా ఉండాలి. ఒక పక్క చిటికెన వేలు దూరి, ఇంకో పక్క గోరు కూడా పట్టకపోతే ఎప్పుడో దెబ్బ తిన్న బండి అది.

తరవాత సిల్స్, నేల రేకులు, వెనక సస్పెన్షన్ చేతులు ఆ పెట్టెకి తగిలే చోటు. మీ బండికి తలుపులు తెరిచి మూయండి. తెరిచేటప్పుడు తలుపు కిందకి జారితే కీలు అరిగి ఉండొచ్చు. మూసేటప్పుడు పైకెత్తి మూయాల్సి వస్తే నడుము వంగి ఉండొచ్చు. మొదటిది చిన్న పని, రెండోదానికి ఇల్లు తాకట్టు పెట్టాలి.

వెనక బ్రేకు డిస్కులు చక్రాల దగ్గర ఉండవు, మధ్యలో డిఫరెన్షియల్‌కి (వెనక చక్రాలకి శక్తి పంచే గేరు పెట్టెకి) ఆనుకుని ఉంటాయి. డిఫరెన్షియల్ ఆయిలు కారితే నేరుగా డిస్కుల మీదకే. బాగుచెయ్యాలంటే వెనక సస్పెన్షన్ మొత్తాన్ని దాని పంజరంతో సహా కిందకి దించాలి. బండి కింద నడిమధ్యలో నల్లటి తడి కనిపిస్తే మీ 55 వేలని 52 చేసుకోండి.

ఇక నంబర్లు. కేటలాగ్‌లో "మ్యాచింగ్ నంబర్స్" అని, అంటే ఫ్యాక్టరీలో బిగించిన ఇంజను, గేర్‌బాక్సే ఇప్పటికీ ఉన్నాయని రాసుందన్నారు. ఆ మాటకి కాగితం అడగండి. జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్ ఇచ్చే సర్టిఫికెట్‌లో చాసిస్, ఇంజను, గేర్‌బాక్సు, బాడీ నంబర్లు, మొదట వేసిన రంగు, ఏ డీలరుకి పంపారో ఉంటుంది. సర్టిఫికెట్ ఫైల్లో ఉంటే సరిపోదు, దాంట్లో నంబరు బండి మీద కూడా ఉండాలి. ఇంజను నంబరు బ్లాక్ మీద ఆయిల్ ఫిల్టరుకి పైన చెక్కి ఉంటుంది, హెడ్ ముందు వైపున కూడా ఉంటుంది. సిరీస్ 2 అయితే అది 7ఆర్ తో మొదలవ్వాలి. 7ఈ అని ఉంటే ఆ ఇంజను సిరీస్ 1ది. ఇంకో చిన్న గుట్టు. సిరీస్ 2లో 2+2 చాసిస్ నంబరు 1ఆర్ 35తో మొదలైతే పుట్టుకతో కుడి చేతి స్టీరింగు. 1ఆర్ 40 నుంచి పైకి ఉంటే ఎడమ చేతి బండి, అంటే చాలావరకు అమెరికాకి వెళ్ళి వచ్చి, ఇక్కడ స్టీరింగు మార్చుకుంది. అదేం పాపం కాదు. కాలిఫోర్నియా ఎండలో ఎండిన బాడీ ఇక్కడి వానలో నానిన బాడీ కన్నా మేలు కావొచ్చు. కానీ కేటలాగ్ ఆ మాట చెప్పకుండా దాటేస్తే, ఇంకేం దాటేసిందో వెతకాలి. అమెరికా బళ్ళకి మూడు ఎస్‌యూ కార్బురేటర్ల బదులు రెండు స్ట్రాంబర్గులు వచ్చేవి. అమెరికా నుంచి వచ్చిన 1ఆర్ 40 బండికి మూడు ఎస్‌యూలు కనిపిస్తే ఎవరో తరవాత మార్చారని అర్థం. నడకకి మంచిదే, "అంతా ఒరిజినల్" అన్న మాటకి కాదు.

ఒరిజినల్ అన్న మాట మీద లండన్ హైకోర్టులో పెద్ద కేసే నడిచింది. 1929, 1930 రెండేళ్ళూ లె మాన్ రేసు గెలిచిన బెంట్లీ స్పీడ్ సిక్స్, 'ఓల్డ్ నంబర్ వన్' అనేవారు. దాన్ని కోటి పౌండ్లకి బేరం కుదుర్చుకున్నవాళ్ళు తరవాత వెనక్కి తగ్గి, ఇందులో ఆనాటి ముక్కలు మిగల్లేదు, ఇది ఆ బండే కాదన్నారు. తాతగారి ఎడ్లబండికి ఒక ఏడాది చక్రాలు, ఒక ఏడాది ఇరుసు, ఇంకో ఏడాది కాడి మార్చాక అది తాతగారి బండేనా అన్న ప్రశ్నే ఇది. 1990లో జడ్జి అది ఓల్డ్ నంబర్ వన్నే అన్నారు. ముక్కలు మారినా బండి ఎక్కడా తెగిపోకుండా ఒకే బండిగా బతుకుతూ వచ్చింది కాబట్టి. నేను ఫైలు చదివేటప్పుడు వెతికేది అదే, తెగని దారం. 1969 నుంచి ఇప్పటిదాకా ఎవరి చేతిలో ఉంది, ఎప్పుడు ఎక్కడ పని చేయించారు, బిల్లులున్నాయా? పదేళ్ళ ఖాళీ ఒకటి కనిపిస్తే ఆ పదేళ్ళూ ఏ చెట్టు కింద ఉందో అడగండి. 2005 నుంచి ఇప్పటిదాకా ఎంవోటీ, అంటే బండి రోడ్డుకి పనికొస్తుందో లేదో ఏటా చూసే పరీక్ష, దాని వివరాలు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నంబరు కొడితే ఉచితంగా వస్తాయి. కానీ 2018 మే నుంచి, పెద్ద మార్పులు చెయ్యని 40 ఏళ్ళ పైబడ్డ బళ్ళకి ఎంవోటీ తప్పనిసరి కాదు. 2018 తరవాత పేజీ ఖాళీగా ఉంటే అనుమానం అక్కర్లేదు. 2012లో "సిల్ తుప్పు" అని ఫెయిలై, నెల తిరక్కుండా పాసైతే మాత్రం ఆ నెలలో ఎవరు ఏం వెల్డింగు చేశారో బిల్లు చూపించమనండి.

280 ఎస్ఎల్ సంగతి. పగోడా అని ముద్దుపేరు, మధ్యలో లోతుగా వంగిన దాని హార్డ్‌టాప్ (ఊడదీసే గట్టి కప్పు) వల్ల వచ్చింది. 1963లో 230 ఎస్ఎల్‌గా మొదలై 1971లో ముగిసింది. మూడు రకాలూ కలిపి 48,912 చేశారు, అందులో సగం దాకా 280లే. పగలంతా నడిపినా నడుం నొప్పి రాని బండి. మంచి 280 ఎస్ఎల్ 55 వేల అంచనాకి వేలానికి రావడం నాకు వింతగా ఉంది. ఆశ పుట్టించడానికి అంచనా తక్కువ వేస్తారు, అది ఒక పద్ధతి. లేదా వేసినవాడికి కింద ఏముందో తెలుసు. దీని ముందు మడ్‌గార్డులు బోల్టులతో ఊడేవి కావు, వెల్డింగు చేసినవి. అందుకే వాటి పని ఖరీదు, అందుకే లప్పం ఎక్కువ. తలుపులు, బానెట్, డిక్కీ మూత అల్యూమినియం, అక్కడ అయస్కాంతం పట్టలేదని గాభరా పడొద్దు. మిగతా చోట పట్టకపోతే గాభరా పడండి. బానెట్ మీద, హార్డ్‌టాప్ మీద బాడీ నంబరు చివరి అంకెలు చెక్కి ఉంటాయి, ఒకదానితో ఒకటి కలవాలి. చాసిస్ నంబరులో 113.044 తరవాత 10 ఉంటే ఎడమ చేతి మాన్యువల్, 12 ఉంటే ఎడమ చేతి ఆటోమేటిక్. 12తో పుట్టిన బండికి ఇప్పుడు మాన్యువల్ గేర్లు ఉంటే ఫైల్లో దానికో కథ ఉండాలి. బాష్ మెకానికల్ ఇంజెక్షన్ పంపు బాగుచేసేవాళ్ళు తక్కువ, వాళ్ళ బిల్లు ఎక్కువ. ఇంతా చేసి, వెనక మీ పిల్లలకి సీటు లేదు. మీ ప్రశ్నలోనే జవాబుంది కదా!

ఎస్ఎం. ఇంజను నడుస్తుండగా స్టీరింగు తిప్పి వదిలేస్తే బండి ఆగి ఉన్నా దానంతటదే నిటారుకి వచ్చేస్తుంది. స్టీరింగుతోపాటు హెడ్‌లైట్లూ తిరుగుతాయి. సస్పెన్షన్ నూనె, వాయువు మీద తేలుతుంది. సిత్రోయెన్ అప్పట్లో మాసెరాటీని కొనేసింది కాబట్టి దాని వీ6 ఇందులో పెట్టారు. ఫ్రాన్సులో పెద్ద ఇంజన్ల మీద పన్ను దెబ్బకి 2.7 లీటర్ల దగ్గర ఆపారు. 1970 నుంచి 1975 దాకా 12,920 చేశారు, ఫ్యాక్టరీలో చేసినవన్నీ ఎడమ చేతివే. రాత్రంతా వానలో నడిపినా అలసట తెలియని బండి. ఒకసారి నడిపాక మూడు రోజులు నాకు మిగతా బళ్ళన్నీ మొరటుగా అనిపించాయి. కానీ టైమింగ్ చైన్ల బిగువు తెలిసినవాడు చూడకపోతే ఇంజను పోతుంది, దాని హైడ్రాలిక్స్ తెలిసిన మెకానిక్ మీకు రెండు గంటల దూరంలో లేకపోతే బండి షెడ్డులో నేలకి ఆనుకుని పడుకుంటుంది. ముందు ఆ మెకానిక్‌ని వెతుక్కోండి. అతను దొరికాక, రెండో బండిగా కొనుక్కోండి.

వేలం రోజు గురించి. బళ్ళు చూడటానికి ముందు రోజు వెళ్ళండి. నడిపి చూడనివ్వరు, చాలా చోట్ల స్టార్ట్ కూడా చెయ్యనివ్వరు. స్టార్ట్ చేస్తామంటే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి ఇంజను చల్లగా ఉందో లేదో చూడండి. వేడిగా ఉంటే ఎవరో ముందే బతిమాలి లేపారన్నమాట. పాత చొక్కా వేసుకెళ్ళి కింద పడుకోండి. ఫోను కెమెరాని సందుల్లోకి దూర్చి వీడియో తీసి, సాయంత్రం పెద్ద తెర మీద నింపాదిగా చూడండి. కొన్నాక తిరిగిచ్చే హక్కు ఉంటుందనుకోవద్దు. ఉన్నది ఉన్నట్టుగా అమ్మకం.

పాట మొదలయ్యాక ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. రిజర్వు ఉన్న బండికి, ఆ కనీస ధర వచ్చేదాకా వేలం వేసేవాడు అమ్మేవాడి తరఫున తానే పెంచొచ్చు. ఎవరూ లేని మూల వైపు చూసి అంకె పెంచుతాడు, అది మోసం కాదు, నిబంధనల్లోనే ఉంటుంది. మీ ఈ-టైపుకి రిజర్వు లేదు కాబట్టి ఆ పని చెయ్యకూడదు, అక్కడ మీతో పోటీ పడేది నిజంగా ఇంకో మనిషే. ఆ మనిషికి మీకన్నా ఎక్కువ డబ్బుంటే ఉండనివ్వండి. బాలాపూర్ లడ్డూ పాటలో పంతానికి పుణ్యమన్నా వస్తుంది. ఇక్కడ పంతానికి పోతే వచ్చేది బిల్లే. సాయంత్రం నాలుగు దాటాక జనం పలచబడతారు, చివరి లాట్లు చల్లగా పోతాయి. మీ లాట్ నంబరు ఎక్కడుందో చూసుకోండి.

పేపర్లో షెడ్డులో దొరికిన బళ్ళ ఫోటోలు చూసి దుమ్ముకి ఆశపడొద్దు. 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో బైయాన్ కుటుంబం బళ్ళు 59 వేలానికి వచ్చాయి. పాత పత్రికల కట్టల కింద కప్పబడి ఉన్న ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ 16 మిలియన్ యూరోలు దాటింది. ఆ దుమ్ముకి విలువ ఆ బండి వల్ల వచ్చింది. మన బండి మీద దుమ్ము కడుక్కోవాల్సిన దుమ్మే.

కొన్నారనుకోండి. ఇన్సూరెన్సు ముందే ఒప్పుకున్న విలువకి రాయించండి, సుత్తి పడిన నిమిషం నుంచే బాధ్యత మీదవుతుంది. పెట్రోలు ఈ5 (ఇథనాల్ 5 శాతం దాటనిది) పోయించండి. 2021 నుంచి ఇక్కడి మామూలు పెట్రోలు ఈ10, అందులోని ఇథనాల్ పాత రబ్బరు గొట్టాల్ని తినేస్తుంది. వేడి ఇంజను మీద పెట్రోలు కారితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఎంవోటీ తప్పనిసరి కాకపోయినా ఏడాదికోసారి చేయించండి. ఆ కొద్దిపాటి ఖర్చుతో ఇంకో జత కళ్ళు బండి కింద చూస్తాయి.

హైదరాబాదు మాటకొస్తే, నిబంధనలు మునుపటి కన్నా నయం. 1950కి ముందు తయారైనవాటికే ఉన్న దిగుమతి వెసులుబాటుని 2025లో 50 ఏళ్ళు దాటిన బళ్ళకి ఇచ్చారు. మీ 1969 బండి అందులోకి వస్తుంది. కానీ పన్నులన్నీ కలిస్తే బండి ధరనే మించిపోతాయి. ఈ 80 వేల లెక్కలో దాన్ని కలపొద్దు. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటినవాటికి నంబరు ప్లేటులో వీఏ అక్షరాలతో వేరే సిరీస్ ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20 వేల రూపాయలు, పదేళ్ళకి చెల్లుతుంది, తరవాత మళ్ళీ చేయించడానికి 5 వేలు. ఆ ప్లేటుతో రోజూ ఆఫీసుకి వెళ్ళడానికి లేదు. ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, పెట్రోలు, రిపేరు, ఇలాంటి పనులకే రోడ్డెక్కాలి. మీకు కావాల్సింది శని ఆదివారాలు పిల్లల్ని తిప్పడం కాబట్టి, వాళ్ళు కాలేజీకి వెళ్ళేదాకా బండిని ఇక్కడే ఉంచడం మేలు.

కేటలాగ్‌లో ఈ-టైప్ చాసిస్ నంబరు ఇచ్చుంటే మొదటి నాలుగు అక్షరాలు ఇక్కడ రాయండి. ముందు రోజు చూడటానికి వెళ్ళినప్పుడు మూడు ఫోటోలు పెట్టండి: బ్లాక్ మీద ఇంజను నంబరు, ముందు చట్రం గొట్టాలు గోడకి తగిలే చోటు, కింద డిఫరెన్షియల్. ఆ రాత్రి మెలకువగానే ఉంటాను.